గాజు గూడు

పాలు పొయ్యి మీద పెట్టి, పొంగేలోగా వచ్చేస్తానులే అనుకుని, అమ్మ వెళ్లి కూతురి గది తలుపు వేలితో నెట్టింది. మంచం మీద దుప్పటి లేచి దిగింది. ఇంకోసారి లేచేదాకా నిలబడింది. తలుపు దగ్గరికి లాగి వెనక్కి వచ్చేసరికి పాలు పొంగి పొయ్యంతా పారాయి. ఆ వంటింట్లో మాడిన పాల వాసన ఇప్పుడు రోజూ ఉండేదే. ఎవరూ ఏమీ అనరు.

వీధి తలుపుకి తప్ప ఆ ఇంట్లో ఏ తలుపుకీ లోపలి గడియ లేదు. ఉండాల్సిన చోట రంగు లేని చారా, మరలు ఊడదీసిన బెజ్జాలూ ఉన్నాయి. నాన్న స్నానం చేస్తున్నంతసేపూ దగ్గుతూనే ఉంటాడు, లోపల మనిషి ఉన్నట్టు తెలియడానికి. అమ్మ నిండు బక్కెట్టు తలుపుకి అడ్డం పెట్టుకుంటుంది. ఒకసారి చూడవచ్చిన మేనత్త, నాన్నకి అక్క, సంగతి తెలియక తలుపు తోసి, తమ్ముణ్ణి సబ్బు నురగలో చూసి, చిన్నప్పుడు నీకు నీళ్లు పోసింది నేనేగా, సిగ్గెందుకురా అని తలుపు దగ్గరికి వేసి వెళ్లింది.

కూతురిని అందరూ పాపాయి అంటారు. ముప్పైకి దగ్గరపడుతున్నా ఆ పిలుపు మారలేదు. పెళ్లి చేసుకున్నవాడికి ఆమె మీద ఇష్టం పోయింది. ఆ మాట అతను మర్యాదగానే చెప్పాడు. కాగితాల పని పూర్తయ్యాక ఒక పెట్టెతో పుట్టింటికి వచ్చింది. వచ్చిన కొత్తలో బాగానే ఉన్నట్టుండేది. వంటలో సాయం చేసేది, టీవీ చూసి నవ్వేది. తర్వాత ఒకనాటి మధ్యాహ్నం స్నానాల గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. కుళాయి చప్పుడు ఆగలేదు. అమ్మ పిలిచింది, పలకలేదు. తలుపు బాదింది, పలకలేదు. ఆమె ఫోను చేస్తే కొట్టు నుంచి నాన్న పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్ది గడియ విరగ్గొట్టాడు. లోపల పాపాయి కట్టుబట్టలతో తడిసి నేల మీద కూర్చుని ఉంది. ఒంటి మీద గాయమేమీ లేదు. అమ్మ తువ్వాలు కప్పి తీసుకొచ్చి పడుకోబెట్టింది. ఏమైంది అని ఎవరూ అడగలేదు. అడిగితే ఏం వినాల్సి వస్తుందోనని భయం. మర్నాడు పొద్దున్నే నాన్న స్క్రూడ్రైవరు తీసుకుని ఇంట్లో గడియలన్నీ ఊడదీశాడు.

అప్పటినుంచి అమ్మ గడప దాటలేదు. కూరగాయలు నాన్నే తెస్తాడు. కిందింటివాళ్ల శుభకార్యానికి కూడా ఆయన ఒక్కడే వెళ్లొచ్చాడు. కొట్టులో ఉన్నా ఆయన మనసు ఇంటి మీదే. పూట పూటకీ ఫోను చేస్తాడు.

"ఏం చేస్తోంది?"

"కూర్చుంది."

"ఎక్కడ?"

"కిటికీ దగ్గర."

"కిటికీ దగ్గరెందుకు?"

కిటికీకి ఇనుప ఊచలున్నాయని అమ్మ గుర్తు చేస్తే ఆయన ఫోను పెట్టేస్తాడు. ఈ మాటలన్నీ పక్క గదిలోకి వినపడతాయి. వినపడనట్టు ఉండటం పాపాయికి అలవాటైంది.

ఆయనది అద్దాల కొట్టు. పేట మొత్తానికి అద్దాలాయన అంటేనే తెలుస్తుంది. కిటికీ అద్దాలు కోస్తాడు, పటాలు కడతాడు, చేపల తొట్లు చేస్తాడు. ఆయన చేసిన తొట్టి నుంచి చుక్క నీరు కారిందన్న మాట లేదు. చేతుల నిండా సన్నటి కోతల మచ్చలు. మాటలు తక్కువ. ఎవరి మీదైనా ప్రేమ కలిగితే వాళ్లకి ఏదో ఒకటి చేసిస్తాడు.

పాపాయి స్నేహితురాలు ఒకామె పశువుల ఆస్పత్రిలో పనిచేస్తుంది. ఎవరో ఊరు మారిపోతూ తాము పెంచుకున్న పెద్ద సాలీడుని, టరాంటులాని, ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి ఆస్పత్రి మెట్ల మీద వదిలేసి పోయారట. అక్కడ కుక్కల అరుపుల మధ్య దాన్ని ఉంచడానికి చోటు లేదట. ఆ సంగతి ఫోనులో విన్న పాపాయి, భోజనాల దగ్గర తల ఎత్తకుండానే, దాన్ని నేను తెచ్చుకుంటాను అంది.

అమ్మ చేతిలో గరిటె ఆగింది. కుక్కపిల్ల అయితే బాగుంటుందేమో, కనీసం చిలక అయినా, అంది. నాన్న మాత్రం ముద్ద కలుపుతూ, అడిగింది కదా, తేనీ, అన్నాడు. ఆ ఇంటికి తిరిగొచ్చాక పాపాయి నోరు తెరిచి అడిగింది అదొక్కటే. ఆ మాట ఇద్దరికీ తెలుసు.

సాలీడు అరచెయ్యంత ఉంది. ముదురు గోధుమ రంగు, ఒళ్లంతా నూగు, కాళ్ల కీళ్ల దగ్గర మాత్రం లేత చారలు. స్నేహితురాలు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టేసరికి అమ్మ వంటింటి గుమ్మం అవతలికి జరిగింది. ఇది మనల్ని కరుస్తుందా అని అక్కణ్ణుంచే అడిగింది. దాని జోలికి పోకపోతే ఏమీ చెయ్యదని పాపాయి చెప్పింది.

నాన్న చేతిలో పనులు పక్కన పెట్టి దానికి ఇల్లు కట్టాడు. మంచి దళసరి గాజు, అంచులు నూరి నున్నగా చేశాడు. మూతకి గాలి బెజ్జాలు తొలిచాడు. సాలీడు దాక్కోవడానికి లోపల ఒక గూడు కావాలని కూతురు చెబితే, అది కూడా చేశాడు. గాజుతోనే. ఇంటికి తెచ్చి, గుడ్డ తీసి, చుట్టూ తిప్పి చూపించాడు.

"ఎటునుంచి చూసినా కనపడుతుంది. గూట్లో దూరినా కనపడుతుంది," అన్నాడు.

ఆయన ముఖంలో అంత వెలుగు చూసి చాలా కాలమైంది. గాజు గూడు గురించి పాపాయి ఆ పూటకి ఏమీ అనలేదు. పెట్టె ఎత్తు ఎక్కువైందని మాత్రం చెప్పింది. ఈ జాతి నేల మీద బతికేదనీ, గోడలెక్కి జారి పడితే పొట్ట పగిలి చచ్చిపోతుందనీ అంది. మట్టి ఎక్కువ పోస్తే సరిపోతుందని తనే ఉపాయం చెప్పింది. నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

కొబ్బరి పీచు పొట్టు తొట్టెలో పోసి నీళ్లు చిలకరించి తల్లీ కూతుళ్లు కలిపారు. పిడికిలి పడితే ముద్ద నిలవాలి, వేళ్ల మధ్య నీరు కారకూడదు. అమ్మ చేతికి ఆ పదును ఇట్టే తెలిసింది. ఇంక చాలు, నీళ్లు పొయ్యకు, అంది. పాపాయి చూసి, నాకన్నా నీకే బాగా వచ్చమ్మా అంది. ఇద్దరి మోచేతులదాకా పొట్టు అంటుకుంది. ఆ కాసేపు అమ్మ ఆమె ముఖంలోకి వెతికి చూడటం మర్చిపోయింది.

పొట్టు సగానికి పైగా నింపి, మూలన లోతు తక్కువ మూతలో నీళ్లు పెట్టి, పాపాయి డబ్బాని లోపల పక్కకి వాల్చి మూత తీసింది. సాలీడు కదల్లేదు. పుల్లతో కొంచెం తొయ్యమని అమ్మ అంది. వద్దు, దానంతట అదే రావాలి, అని పాపాయి మోకాళ్ల మీద గడ్డం ఆనించి కూర్చుంది. చాలాసేపటికి ఒక కాలు బయటికి వచ్చి మట్టిని తాకింది. ఇంకా చాలాసేపటికి మిగతా ఒళ్లు వచ్చింది. వచ్చి, గాజు గోడ వెంబడి ముందు కాళ్లతో తడుముకుంటూ చుట్టూ తిరిగింది. గోడ అయిపోతుందేమోనని వెతుకుతున్నట్టుంది. అయిపోలేదు. చివరికి ఒక మూలన కాళ్లన్నీ దగ్గరికి ముడుచుకుని ఉండిపోయింది.

అక్కణ్ణుంచి అది కదల్లేదు. గాజు గూటి వైపు పోలేదు. తినడానికి వేసిన కీచురాయిని ముట్టలేదు. నాన్న కొట్టు నుంచి రాగానే బల్ల దీపం దాని మీదికి తిప్పి చూసేవాడు. అమ్మ గది ఊడుస్తూ వంగి చూసేది. చివరికి నాన్న ఉండబట్టలేక, కూతురు చూడకుండా, చెయ్యి లోపల పెట్టి దాన్ని గూటివైపు జరపబోయాడు. అది వెనక కాళ్లతో పొట్ట మీద నూగు రేపి ఆయన చేతి మీదికి విసిరింది. చెయ్యంతా దద్దుర్లు. ఆ దురద వారం పాటు పీడించింది. ఏమైందని అడిగిన వాళ్లకల్లా కొట్టులో ఏదో పురుగు కుట్టిందని చెప్పుకున్నాడు.

ఇంట్లో మాత్రం దాచలేకపోయాడు. పాపాయి ఆ చెయ్యి చూసి, మందు రాసి, రాస్తూనే చెప్పింది. దానికి చీకటి కావాలి, గాజు గూడు తీసేద్దాం, అని.

"చీకట్లో ఉంటే అది ఎలా ఉందో మనకెలా తెలుస్తుంది?" అన్నాడు నాన్న.

"మనకి తెలియక్కర్లేదు నాన్నా. దాన్ని ఎవరూ చూడట్లేదని దానికి తెలిస్తే చాలు."

 మందు సీసా మూత బిగించి పాపాయి అక్కడే నిలబడింది.

"నా గదికి గడియ పెట్టించండి."

"చూద్దాంలే."

"ఎప్పుడు?"

"చూద్దామన్నానుగా."

"మీకు కష్టమైతే నేను ఆస్పత్రి దగ్గర గది చూసుకుంటాను. అక్కడ పని కూడా ఇస్తామన్నారు," అంది పాపాయి. గొంతు పెంచలేదు. అందుకే ఆ మాట నిజమని ఇద్దరికీ అర్థమైంది. నాన్న లేచి వసారాలోకి వెళ్లి వీధివైపు తిరిగి నిలబడ్డాడు. అమ్మ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడిగింది. ఇక్కడ కళ్లెదుట ఉంటేనే ఇంత భయం. ఎక్కడో ఒక గదిలో, లోపల గడియ పెట్టుకుని ఉంటే, కుళాయి చప్పుడు ఎవరు వింటారు? పొద్దున దుప్పటి లేచిందో లేదో ఎవరు చూస్తారు? ఆ ఆలోచన అక్కడికి వచ్చి ఆగిపోయేది. దాని అవతలికి వెళ్లడానికి ఆమెకి ధైర్యం చాలలేదు.

మర్నాడు పాపాయి వసారాలో పగుళ్లిచ్చిన పూలకుండీని సగానికి పగలగొట్టి, ఆ పెంకుని పొట్టులో బోర్లించి పాతింది. పెట్టెకి మూడు వైపులా నల్ల కాగితం అంటించింది. గాజు గూడుని తీసి, శుభ్రంగా కడిగి, నాన్న బల్ల మీద పెట్టింది. సాయంత్రానికి సాలీడు పెంకు కింద చేరింది.

నాలుగు రోజులు పోయాక దాని ద్వారం మూసుకుపోయింది. లోపలినుంచే దారం అల్లి, మట్టి అద్ది, కన్నం కనపడకుండా చేసేసింది. మంచిదేనమ్మా, సర్దుకుంది, ఇంక ఎవరూ కదపకండి, అని పాపాయి చెప్పింది. అమ్మ తల ఊపింది. ఊపిందే కానీ నమ్మలేదు. తిండి లేదు, నీళ్లు లేవు, తలుపు మూసుకుంది. అలాంటిదాన్ని పట్టించుకోకుండా ఉండటం ఎలాగో ఆమెకి తెలియదు. అటు వెళ్లినప్పుడల్లా వంగి ఆ మట్టి గోడకేసి చూసేది.

మేనత్త మళ్లీ వచ్చింది. సాలీడుని చూపించమంది. కనపడదని అమ్మ చెప్పింది. పుట్టింటికొచ్చిన పిల్లలు సారె పట్టుకొస్తారు, మా మేనకోడలు సాలీడుని పట్టుకొచ్చింది, అని మేనత్త నవ్వింది. తమ్ముడి చేతి దద్దుర్లు చూసి, సంగతి తెలుసుకుని, ఇంట్లో నీ మాట ఖాతరు చెయ్యనిది ఇంకోటి చేరిందిరా అంది. నవ్వు అయిపోయాక గొంతు తగ్గించింది, కానీ అంతగా తగ్గలేదు.

"మీ ఇంట్లో ఎవరు తలుపు మూసుకున్నా నా గుండెలు జారిపోతాయి మరదలా. కనిపెట్టి ఉండు."

పక్క గదిలో పాపాయి తిప్పుతున్న పుస్తకం పేజీ చప్పుడు ఆగిపోయింది.

రెండు రోజుల తర్వాత, కొత్త కీచురాళ్ల కోసం పాపాయి ఆస్పత్రికి వెళ్తానంది. నాన్న కొట్టు మూసి తనే స్కూటరు మీద తీసుకెళ్లాడు. ఆమె ఒక్కతే వెళ్లడం అనే మాట ఎవరూ ఎత్తలేదు. చాలా నెలల తర్వాత అమ్మ ఇంట్లో ఒంటరిగా మిగిలింది. ఇల్లు ఇంత చప్పుడు లేకుండా ఉంటుందని ఆమె మర్చిపోయింది. కాసేపు ఊరికే కూర్చుంది. లేచి బట్టలు మడతపెట్టింది. తర్వాత పెట్టె ముందుకు వెళ్లి నిలబడింది.

ఒక్కసారి చూసి మళ్లీ పెట్టేస్తాను, అనుకుంది.

మూత తీసి, పట్టకారుతో పెంకు అంచు పట్టుకుని పైకెత్తింది. అల్లిన దారం పటుక్కున తెగింది. లోపల తెల్లటి పరుపులా అల్లుకున్న గూడు మీద సాలీడు వెల్లకిలా పడి ఉంది. కాళ్లన్నీ పైకి లేచి ఉన్నాయి. అమ్మ పిలిచింది. దానికి పేరు లేదు కాబట్టి ఊరికే, అమ్మా, అంది. చీపురు పుల్ల తెచ్చి ఒక కాలిని మెల్లగా తాకింది. కాలు వంగి అలాగే ఉండిపోయింది.

ఆమెకి భయం వేసింది. సాలీడు కోసం కాదు. పాపాయి వచ్చి ఇది చూస్తుంది. కోరి తెచ్చుకున్న ఒక్కటీ ఇలా పడి ఉండటం చూస్తుంది. అప్పుడేమవుతుంది? స్కూటరు వచ్చేలోగా ఏదో ఒకటి చెయ్యాలి. పారిపోయిందని చెప్పొచ్చు. మూత సరిగ్గా పెట్టలేదు, నాదే తప్పు, అని చెప్పొచ్చు. తిడుతుంది, తిట్టనీ. ఆమె పాత కాగితం పరిచి, పెద్ద చెంచా తెచ్చి, పొట్టుతో సహా ఎత్తడానికి వంగింది. చెంచా గాజుకి తగిలింది.

"అమ్మా, కదపకు. చెంచా తీసెయ్."

వీధి తలుపు తీసిన చప్పుడు ఆమెకి వినపడనే లేదు. పాపాయి చెప్పులతోనే లోపలికి వచ్చేసింది. వెనక నాన్న, చేతిలో కీచురాళ్ల డబ్బా. అమ్మ చెంచా వెనక్కి తీసింది. చచ్చిపోయిందే, నువ్వు చూడకూడదని, అంది. మాట పూర్తి కాలేదు.

పాపాయి పెట్టె దగ్గర కూర్చుని చూసింది. అద్దానికి ముఖం ఆనించి చాలాసేపు చూసింది. తర్వాత, చచ్చిపోలేదు, పొర విడుస్తోంది, అంది. పాము కుబుసం విడిచినట్టే ఇది కూడా విడుస్తుందని, అందుకే తిండి మాని తలుపు మూసుకుందని, వెల్లకిలా పడుకునే ఆ పని చేసుకుంటుందని చెప్పింది. ఈ సమయంలో ఒళ్లంతా మెత్తగా ఉంటుంది, ముట్టుకుంటే చచ్చిపోతుంది, అంది. పెంకుని కొంచెం ఎత్తుగా, తగలకుండా, తిరిగి కప్పింది. పెట్టె మీద చీర కొంగంత గుడ్డ వేసింది. అప్పుడు లేచి తల్లికేసి తిరిగింది. 

"ఎవరూ కదపొద్దని చెప్పానా లేదా?"

"నాకెలా తెలుస్తుందే? చచ్చినట్టే ఉంది."

"తెలియకపోతే అడగాలమ్మా. నన్ను అడగొచ్చు. ఫోను చేసి అడగొచ్చు. మీరు ఏదీ అడగరు. అనుకుంటారు, చేసేస్తారు."

డబ్బాలో కీచురాళ్లు అరవడం మొదలుపెట్టాయి. నాన్న దాన్ని ఎక్కడ పెట్టాలో తోచక చేత్తోనే పట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అమ్మ కింద పరిచిన కాగితం కేసి చూస్తోంది. 

"అయితే అడుగుతున్నాను," అంది. "ఆ రోజు స్నానాల గదిలో... ఏమైనా చేసుకుందామనే తలుపు వేసుకున్నావా?"

పాపాయి గోడకి చేరగిలబడింది.

"లేదమ్మా. ఏడుద్దామని వేసుకున్నాను. గదిలో ఏడిస్తే నువ్వొస్తావు. నన్ను చూసి నువ్వు ఏడుస్తావు. అప్పుడు నిన్ను నేను ఊరుకోబెట్టాలి. రోజూ నా ఏడుపు సగంలో ఆగిపోతోంది. ఆ ఒక్కరోజు పూర్తిగా ఏడుద్దామని కుళాయి తిప్పాను."

"మరి పిలిస్తే పలకలేదేం?"

"పలికితే గొంతులో తెలిసిపోతుందని."

నాన్న డబ్బా కింద పెట్టాడు. ఇన్నాళ్లూ చెప్పలేదేం తల్లీ అన్నాడు. 

"ఎవరైనా అడిగితే కదా. పొద్దున లేచేసరికి గడియలు లేవు. నేను చచ్చిపోయే మనిషినని మీరిద్దరూ తేల్చేసుకున్నారు. రోజూ మీ కళ్లలో అదే చూస్తున్నాను నాన్నా. చూసీ చూసీ, నిజమేనేమో, నేను అలాంటిదాన్నేనేమో అని నాకే భయమేస్తోంది."

అమ్మకి కన్నీళ్లు తన్నుకొచ్చాయి. ఎప్పటిలాగే పైట నోటికి అడ్డం పెట్టుకుంది. పాపాయి ఒక అడుగు ముందుకి వేసి ఆగింది. ఊరుకోబెట్టడానికి రాబోతోందని అమ్మకి అర్థమైంది. తన ఏడుపు ఎంత బరువో, దాన్ని ఇన్నాళ్లుగా ఎవరు మోస్తున్నారో కూడా అప్పుడే అర్థమైంది. చెయ్యి అడ్డం పెట్టి, రావద్దు, అంది. స్నానాల గదిలోకి వెళ్లి, బక్కెట్టు తలుపుకి అడ్డం పెట్టుకుని, నేల మీద కూర్చుని ఏడ్చింది. బయట ఎవరూ పిలవలేదు. అడుగుల చప్పుడు కూడా దగ్గరికి రాలేదు. ఏడుపు ఎక్కడా ఆగకుండా చివరిదాకా సాగింది. ఎంత కాలమైందో ఆమె అలా ఏడ్చి. ముఖం కడుక్కుని బయటికి వచ్చేసరికి తండ్రీ కూతుళ్లు వంటింట్లో టీ పెట్టుకుంటున్నారు. ఎవరూ ఆమె కళ్లకేసి చూడలేదు. మూడో గ్లాసు బల్ల మీద పెట్టారు.

ఆ పూట గుడ్డ ఎవరూ ఎత్తలేదు. పొద్దు వాలాక పాపాయి తనే ఒక మూల తీసి చూసి, తల్లిని పిలిచింది. సాలీడు ఇటువైపు తిరిగి నిలబడి ఉంది. రంగు కొత్తగా, నలుపులో నీలం కలిసినట్టుగా ఉంది. పక్కన దాని పాత ఒళ్లు, కాళ్లతో సహా, ఖాళీ చొక్కాలా పడి ఉంది. ఒక కాలు మాత్రం వంకరపోయింది. ముందుకి కదిలితే ఈడ్చుకొస్తోంది.

పుల్లతో తాకిన కాలు అదే. అమ్మకి తెలుసు.

"నా వల్లేనా?" అంది.

కాదమ్మా అనడం పాపాయికి తేలిక. వంగి ఆ కాలికేసి మళ్లీ చూసింది.

"అయ్యుండొచ్చు. మళ్లీ పొర విడిచేటప్పుడు సర్దుకోవచ్చు. సర్దుకోకపోయినా బతుకుతుంది."

అమ్మ తల ఊపింది. కాదమ్మా అనిపించుకోవడం కన్నా ఆ జవాబే ఆమెకి ఊరట అయింది. కూతురు తనకి నిజం చెప్పింది. అమ్మ దాన్ని తట్టుకోగలదనుకుంది.

మర్నాడు నాన్న కొట్టుకి ఆలస్యంగా వెళ్లాడు. గడియలన్నీ బిగించాడు. మొదట పాపాయి గదికి, తర్వాత స్నానాల గదికి, చివరికి ఎవరూ వాడని సామాను గదికి కూడా. పాత బెజ్జాలు వదులయ్యాయని పుల్లలు దిగేసి మరలు తిప్పాడు.  వెళ్లేటప్పుడు కూతురి గది ముందు ఆగి, గట్టిగా ఉందో లేదో వేసి చూసుకో తల్లీ, అన్నాడు.

పాపాయి గడియ వేసి తీసి చూసి, గట్టిగానే ఉంది నాన్నా, అంది. ఆస్పత్రి పనికి వచ్చే నెల నుంచి వెళ్తానని, రోజూ ఇంటికే వస్తానని చెప్పింది. గది చూసుకునే మాట మళ్లీ ఎత్తలేదు.

గడియ ఉండటం ఒకటి, దాని ఇవతల ఉండగలగడం ఇంకొకటి. పాపాయి పుస్తకం పట్టుకుని లోపలికి వెళ్లి తలుపు వేసుకున్న మొదటి మధ్యాహ్నం అమ్మ వంటింట్లో నిలబడలేకపోయింది. చెవులు అటే పోతున్నాయి. చెయ్యి తుడుచుకుని తలుపు దాకా వెళ్లి వెనక్కి వచ్చింది. ఇంకోసారి వెళ్లింది. ఇక్కడే ఉంటే తను తలుపు కొట్టేస్తుంది, అది ఖాయం.

"పాపాయీ, నేను బయటికి వెళ్లొస్తాను. నువ్వు తలుపేసుకునే ఉండు," అంది.

లోపల పుస్తకం మూసిన చప్పుడైంది.

"ఎక్కడికమ్మా?"

"ఏమో. అలా."

"సరే. మెల్లగా రా."

అమ్మ చెప్పులు వెతుక్కుంది. అవి ఎక్కడున్నాయో ఆమెకే గుర్తు లేదు. బీరువా వెనక దుమ్ము పట్టి దొరికాయి. మెట్లు దిగి వీధిలోకి వచ్చేసరికి ఎండ కళ్లలోకి కొట్టింది. వీధి చివర కొత్తగా బేకరీ వచ్చింది. మందుల కొట్టు బోర్డు మారింది. ఎటు వెళ్లాలో తెలియక కొంచెం దూరం నడిచింది. పలకరించిన వాళ్లకి ఏదో చెప్పింది. వెనక్కి తిరిగి తమ కిటికీ చూడాలని మెడ లాగుతోంది. తిరగలేదు. కాళ్లు వాటంతట అవే అద్దాల కొట్టు వైపు నడిచాయి.

నాన్న బల్ల మీద వంగి గాజు మీద గీత గీస్తున్నాడు. నీడ పడితే తల ఎత్తాడు. ఆమెని చూసి ముఖం పాలిపోయింది.

"ఏమైంది?"

"ఏమీ కాలేదు. ఊరికే వచ్చాను."

"ఇంట్లో?"

"అది ఉంది."

"ఒక్కతేనా?"

"ఒక్కతే. తలుపేసుకుంది. నేనే వేసుకుని ఉండమన్నాను."

ఆయన చెయ్యి జేబులో ఫోను మీదికి పోయింది. తీశాడు. వేలు తెర మీద ఆగింది. అమ్మ కళ్లతోనే వద్దంది. ఆయన ఫోనుని బల్ల సొరుగులో పెట్టి సొరుగు మూసేశాడు. తర్వాత ముఖం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకుని ఏం లాభం, నాలుగు గోడలకీ అద్దాలే. ఏ అద్దంలో చూసినా ఆయన తడి కళ్లే అమ్మకి కనపడ్డాయి.

ఆమె కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. భయం పోలేదు. 

"ఎంతసేపుందాం?" అన్నాడు నాన్న.

"ఆ గీత పూర్తి చెయ్యండి. అయ్యాక చూద్దాం," అంది అమ్మ.

ఆయన గాజు కోసే కలం తీసుకుని పలక మీదికి వంగాడు. గీత పూర్తయింది. గాజు తిన్నగా విరిగింది. ఆయన ఇంకో పలక తీసి బల్ల మీద పెట్టాడు. ఆమె లేవలేదు.